లేపాక్షికి 40 నిమిషాలా? మా అయిదు రోజుల టూరు ప్యాకేజీ సంగతి

ముందే చెప్తున్నా, ట్రావెల్స్ పేరు రాయను. వాళ్ళ ఆఫీసు నా టైలరింగ్ షాపుకు రెండు సందుల అవతలే. ఓనరు ఇంటావిడ జాకెట్లు నా దగ్గరే కుట్టించుకుంటుంది. పేరు రాసి, రేపు ఆమె మెడ కొలత తీసుకునేటప్పుడు ఇద్దరం ఎటు చూడాలో తెలీక నిలబడేది ఎందుకు? అనంతపురంలో టూరు బండ్లు తిప్పేవాళ్ళు బోలెడుమంది. ప్యాకేజీలు కూడా ఒకరిది చూసి ఒకరు అచ్చేయించుకున్నట్టే ఉంటాయి. అందుకే పేరు లేకున్నా పనికొస్తుందని రాస్తున్నా.

మేము ఏడుగురం ఆడవాళ్ళం. ఏడాదిపాటు నెలకు మనిషికి 1,000 వేసుకున్నాం. పాట లేని చీటీ. డబ్బంతా పోస్టాఫీసులో చేసి రిటైరైన అక్క దగ్గర. పన్నెండు నెలలకు 84,000 అయింది. ప్యాకేజీ మనిషికి 11,500, ఏడుగురికి 80,500. అయిదు పగళ్ళు, నాలుగు రాత్రులు, 12 సీట్ల టీటీ (టెంపో ట్రావెలర్ బండి), రూములు, పొద్దున టిఫిను వాళ్ళవి. రెండు పూటల భోజనాలు, లోపలికి పోయే టికెట్లు మావి. రూటు ఇట్లా: పెనుకొండ, లేపాక్షి, శ్రీరంగపట్నం, మైసూరు, బేలూరు, హళేబీడు, హంపి, బళ్ళారి మీదుగా మళ్ళీ ఇల్లు. గుళ్ళూ రాజుల మేడలూ కలిపి కుట్టిన రూటు. నాకు నచ్చింది కూడా అదే. ఉత్త గుళ్ళ టూరైతే దండం పెట్టుకుని రావడమే సరిపోతుంది.

"లేపాక్షికి స్త్రీశక్తి బస్సులో ఊరికే పోవచ్చు గదా, దానికెందుకు మే డబ్బు?" అని మెస్సు నడిపే చెల్లెలు అడ్డం తిరిగింది. మాట నిజమే. 2025 ఆగస్టు 15 నుంచి పల్లెవెలుగూ ఎక్స్‌ప్రెస్సూ ఎక్కితే మనకు టికెట్టు లేదు. హిందూపురం దాకా ఆధార్ కార్డు చూపించి పోవచ్చు. బార్డరు దాటితే మాత్రం కర్ణాటకవాళ్ళ ఉచితం కర్ణాటక ఆడవాళ్ళకే. పైగా మాలో పెద్దామె నర్సమ్మకు 66, మోకాళ్ళు అరిగినాయి. బస్సులు మారేది ఆమె వల్ల కాదు. అందుకే టీటీ.

మాఘమాసం, శనివారం. తెల్లారి అయిదుకు టవర్ క్లాక్ దగ్గర నిలబడమన్నారు, బండి అయిదూ నలభైకి వచ్చింది. ఆ నలభై నిమిషాల్లోనే నిప్పట్లు సగం డబ్బా ఖాళీ. బండి శుభ్రంగానే ఉంది. ఏసీ చల్లగా వచ్చింది. పుష్‌బ్యాక్ సీట్లు పన్నెండింట్లో మూడు వెనక్కి పోవు, ఒకటి పోతే మళ్ళీ ముందుకు రాదు. పాటలకు మైకు, పెళ్ళి మంటపానికి వేసినట్టు నీలం లైట్లు. నర్సమ్మ ఎక్కీ ఎక్కంగానే ఫస్ట్ ఎయిడ్ డబ్బా తెరిచింది, లోపల ఒక ఖాళీ దగ్గు మందు సీసా, రెండు రబ్బరు బ్యాండ్లు. "దీంతో ఎవర్ని బతికిస్తావు నాయనా?" అని డ్రైవర్‌ని అడిగింది. పిల్లోడు గుత్తి వైపువాడు, ముప్ఫై ఉంటాయేమో. నవ్వి ఊరుకున్నాడు. గుంతకు బండి ఎగరకుండా నడిపాడు, అది మాత్రం మొదటి గంటలోనే గమనించినా.

పెనుకొండలో గగన్ మహల్. 1565లో తళ్ళికోట యుద్ధం ఓడిపోయినాక తిరుమల దేవరాయలు రాజధానిని ఇక్కడికి తెచ్చుకున్నాడని మా సోషల్ టీచరమ్మ ఇడ్లీ తింటూనే చెప్పింది. కింద మసీదుకు ఉన్నట్టు కమానులు, పైన గుడికి ఉన్నట్టు శిఖరం. ఒక చీర మిగులు గుడ్డతో ఒళ్ళు, ఇంకో చీర మిగులుతో చేతులు పెట్టి కుట్టిన జాకెట్టు లాగా. చెప్తే నవ్వొస్తుంది గానీ అతుకు ఎక్కడా ఎబ్బెట్టుగా లేదు. ఎవరో పనిమంతుడు కుట్టినాడు. మాతో వచ్చిన ముస్లిం అక్క, ఆపా అంటాం, ఇక్కడి బాబయ్య దర్గాకు పోవాలంది. ప్రోగ్రాం కాగితంలో అది లేదు. డ్రైవర్ ఒక్కమాటైనా అనకుండా బండి తిప్పినాడు. అందరం చక్కెర చదివించుకుని వచ్చినాం.

లేపాక్షి.

ఇక్కడ నేను నిదానంగా చెప్తా, ఎందుకంటే తగువు ఇక్కడే మొదలైంది. ప్రోగ్రాం కాగితంలో "లేపాక్షి: 11.30 నుండి 12.10" అని రాసుంది. దాంట్లోనే నంది, దాంట్లోనే గుడి. నంది ఊరి మొదట్లోనే కూచుని ఉంటుంది, 27 అడుగుల పొడవు, 15 అడుగుల ఎత్తు, ఒకే రాయి. దాని మెడలో గంటలూ పూసల పేరులూ చూస్తుంటేనే పావుగంట పోయింది. ఇంక గుడికి మిగిలింది ఇరవై అయిదు నిమిషాలు.

నేను షాపులో నుంచి చేతి అద్దం ఒకటి తెచ్చుకున్నా. వీపు మీద మెడ ఎంత లోతు వచ్చిందో కస్టమర్లకు చూపించేది. పగలకుండా తెల్ల లైనింగ్ గుడ్డ ముక్కలో చుట్టి బ్యాగులో పెట్టినా. ఎందుకంటే లేపాక్షిలో చూడాల్సింది కప్పు మీద ఉంది. పెళ్ళయిన కొత్తలో ఒకసారి పోయి మెడ పట్టేసి వచ్చిన అనుభవం. ఈసారి నాట్యమంటపంలో కింద చతికిలబడి, అద్దం ఒళ్ళో పెట్టుకుని వంగి చూసినా. కప్పు మొత్తం ఒళ్ళోకి దిగొచ్చింది.

పార్వతి పెళ్ళి, ద్రౌపది స్వయంవరం, అర్జునుడు కిరాతుడితో కొట్లాడేది, ఆవు కోసం కొడుకునే శిక్షించిన చోళరాజు కథ, అన్నీ వరసగా ఉన్నాయి. కథలు టీచరమ్మ చెప్పింది. నా కళ్ళు మాత్రం చీరల మీదే. ఒకామె చీర చారలది, పక్కామెది గళ్ళది, ఆ పక్కన సన్న పువ్వుల బుట్టాలు. ఒకరు కట్టింది ఇంకొకరు కట్టలేదు. అంచు వేరు, ఒంటి గుడ్డ వేరు, కొంగు వేరు. కుచ్చిళ్ళు పాదాల దగ్గర విసనకర్ర లాగా విచ్చుకున్నాయి. కొప్పులు నెత్తిన కాదు, పక్కకు వేసుకున్నారు. మగవాళ్ళకు ఇంత పొడవు కుళ్ళాయిలు. అచ్యుతదేవరాయల కాలంలో విరూపణ్ణ, వీరణ్ణ అని అన్నదమ్ములు కట్టించిన గుడి, అంటే దగ్గరదగ్గర అయిదు వందల ఏళ్ళ కిందటి చీరలు. ఎర్రమన్ను రంగు, పసుపు మన్ను రంగు, నలుపు, కొంచెం పచ్చ. ఇంతే రంగులతో ఇన్ని రకాలు ఎట్లా తేగలిగినారో. మొన్న షాపుకు వచ్చిన ధర్మవరం పట్టుచీర అంచులో ఉన్న పూలతీగ ఇక్కడ రాతి స్తంభం మీద కనిపించింది. మా నేతగాళ్ళు లేపాక్షి నుంచే డిజైన్లు దించుకున్నారని అంటుంటే వినేదాన్ని, అద్దంలో చూసినాక మళ్ళీ ఎవర్నీ అడిగే పని లేకపోయింది.

వేలాడే స్తంభం దగ్గర అందరూ చున్నీలు, తువ్వాళ్ళు కింద నుంచి లాగుతున్నారు. నేను కొలత టేపు తోసినా. మూడు పక్కలా సర్రున పోయింది, ఒక మూల దగ్గర ఆగిపోయింది. అంటే ఒక మూల నేలకు ఆనుతుంది. అంతమాత్రాన ఆశ్చర్యం తగ్గలేదు, అంత రాయి ఒక మూల మీద ఆగడం ఏమన్నా చిన్నపనా?

పన్నెండూ పదికి డ్రైవర్ వచ్చినాడు. "అక్కా, టైం అయింది, ఓనర్ ఫోన్ మీద ఫోన్ చేస్తున్నాడు."

"ఒక జాకెట్టుకు కొలతలు తీసుకోడానికే నాకు పది నిమిషాలు పడుతుందప్పా. ఇంత గుడికి నలభై నిమిషాలా?"

"నేనేం చేసేది అక్కా, కాగితం అట్లుంది."

"నువ్వు ఎన్నిసార్లు వచ్చినావు ఈడికి?"

"ముప్ఫై, నలభై సార్లు వచ్చింటా."

"పైకి చూసినావా ఎప్పుడన్నా?"

చెప్పులు బయట విడిచి లోపలికి వచ్చిందే తక్కువట, చెట్టు కింద బండిలోనే పడుకుంటాడట. కూచోమని చెప్పి అద్దం చేతికిచ్చినా. మొదట తన క్రాపు సర్దుకున్నాడు. తర్వాత అద్దం కొంచెం వంచినాడు. అంతే, మాట లేదు. కప్పు మీద పెద్ద వీరభద్రుడు ఉన్నాడే, 24 అడుగుల బొమ్మ, దాని కాళ్ళ దగ్గర నుంచి కిరీటం దాకా అద్దాన్ని మెల్లగా జరుపుకుంటూ పోయినాడు. చివరికి "మధ్యాహ్నం హోటల్లో ఆపేది తీసేద్దాం అక్కా, బండ్లోనే తినండి" అన్నాడు. చిత్రాన్నం, ఊరిబిండి మా దగ్గర ఉండనే ఉన్నాయి. లేపాక్షిలో రెండుంబావు గంటలు ఉన్నాం. ఏడు పడగల నాగలింగం దగ్గర, ఆగిపోయిన కల్యాణమంటపం దగ్గర ఎవరికి వాళ్ళం తిరిగినాం. కల్యాణమంటపం ఆగిపోడానికి కారణం, విరూపణ్ణ ఖజానా సొమ్ము వాడేసినాడని రాజుకు ఎవరో చాడీలు చెప్పడమేనంట. ఆయన కళ్ళు తానే పెరుక్కుని గోడకు విసిరికొట్టినాడని గైడు ఎర్ర మరకలు చూపిస్తే, "ఖజానా లెక్క తేలకపోతే మాకూ అట్లే అనిపించేది" అని పోస్టాఫీసు అక్క నిట్టూర్చింది.

ఆ రాత్రి బెంగళూరు దాటి రోడ్డు పక్కన లాడ్జి. చెప్పుకునేంత ఏమీ లేదు, నల్లులు లేవు.

ఆదివారం బిడదిలో తట్టె ఇడ్లీ. మెస్సు చెల్లెలు ఇడ్లీని వేలితో నొక్కి, "పిండి బాగా పులిసింది, వెన్న లెక్క చూడకుండా వేస్తున్నారు" అని సర్టిఫికెట్ ఇచ్చింది. శ్రీరంగపట్నంలో రంగనాథస్వామి దర్శనం తొందరగానే అయింది. టిప్పు సుల్తాన్ వేసవి మేడ, దరియా దౌలత్ బాగ్, 1784ది. అంతా టేకు కర్ర, గోడల మీద సందు లేకుండా బొమ్మలు. 1780లో పొల్లిలూరు దగ్గర ఇంగ్లీషువాళ్ళను ఓడించిన యుద్ధం ఒక గోడంతా ఉంది. ఇక్కడ అద్దం అక్కర్లేదు, కంటి ఎత్తులోనే. ఆపా ఆ గోడ ముందు చాలాసేపు నిలబడింది.

ఇంక కోపం వచ్చిన చోటు. మైసూరుకు మధ్యాహ్నం రెండుకు చేరాల్సింది, బండి ఒక "సిల్క్ ఫ్యాక్టరీ" ముందు ఆగింది. ప్రోగ్రాం కాగితంలో దీనికి గంటంబావు! లేపాక్షికి నలభై నిమిషాలు, దీనికి గంటంబావు. ఫ్యాక్టరీ అన్నారు, మగ్గం చప్పుడే లేదు. లోపల ఏసీ, ఏలకుల టీ, "మేడం, మేడం" అని నలుగురు అబ్బాయిలు. చీర 4,500, నేరుగా ఫ్యాక్టరీ రేటు అంటున్నారు. మా వదిన అప్పటికే ఒకటి భుజాన వేసుకుని అద్దం ముందు తిరుగుతోంది. నేను కొంగు చివర వదిలిన దారాల్లో ఒకటి తెంపి, గల్లా పక్కన లక్ష్మీదేవి పటం ముందున్న అగరొత్తి నిప్పుకు ఆనించినా. పట్టు అయితే వెంట్రుక కాలిన వాసన రావాలి, కాలింది వేళ్ళ మధ్య నలిపితే పొడి కావాలి. ఇది ముడుచుకుని, కరిగి, ఆవగింజ అంత గట్టి ఉండ అయింది. ఆ ఉండను వదిన అరచేతిలో పెట్టినా. టీ తాగడం ఆపి అందరం బయటికొచ్చినాం. వెనక నుంచి "అది వేరే వెరైటీ మేడం" అని వినిపించింది.

డ్రైవర్‌ని తిట్టినాం. తర్వాత తెలిసింది, అక్కడ ఆపకపోతే ఓనర్‌కు కమిషన్ రాదు, ఓనర్ పిల్లోడి బేటాలో (రోజు భత్యంలో) కోస్తాడు. ఈ సంగతి చెప్తూ పిల్లోడు స్టీరింగ్ వైపే చూస్తున్నాడు. ప్యాకేజీ మాట్లాడుకునేటప్పుడే "షాపింగ్ స్టాపులు వద్దు" అని కాగితం మీద రాయించుకోండి. మేము రాయించుకోలేదు.

మైసూరు ప్యాలెస్ గురించి కొత్తగా ఏం చెప్తాం. ఆదివారం కాబట్టి జాతర. చెప్పులు ఇచ్చే దగ్గర్నుంచే నెట్టుకుంటూ పోవాలి. పాత కర్ర ప్యాలెస్ 1897లో రాజకుమారి పెళ్ళిలో కాలిపోతే, ఇప్పుడున్నది హెన్రీ ఇర్విన్ అనే ఇంజనీరు గీసి ఇస్తే 1912కు పూర్తయింది. దాన్ని మొదలుపెట్టించింది మాత్రం రాణి కెంపనంజమ్మణ్ణి. భర్త పోయినాడు, కొడుకు చిన్నోడు, రాజ్యం ఆమె చేతిలో. ఇల్లు కాలిపోయిన ఆడమనిషి మళ్ళీ ఇల్లు కట్టుకున్నట్టే కదా అని నర్సమ్మ అంటే, "మే, మన ఇంటికి నెమళ్ళ అద్దాల కప్పు ఉంటుందా?" అని వదిన. కల్యాణమంటపం కప్పుకు రంగు అద్దాల్లో నెమళ్ళు నిజంగానే ఉన్నాయి. నా చేతి అద్దం తీసే వీలే లేకపోయింది, ఆగితే వెనకవాళ్ళు మీద పడతారు. ఒక మూల గోడకు ఆనుకుని దసరా ఊరేగింపు బొమ్మలు మాత్రం చూసినా. తలపాగాలు, కోట్ల మీద జరీ పని, గుర్రాల మీద కప్పిన గుడ్డల అంచులు. ఆ కోట్లు కుట్టిన దర్జీల పేర్లు ఏ పుస్తకంలోనూ ఉండవు.

సాయంత్రం ఏడుకు దీపాలు. దగ్గరదగ్గర లక్ష బల్బులు ఒక్కసారి వెలిగితే, జనమంతా "ఓ" అన్నారు, మేమూ అన్నాం. మా ఊళ్ళో సబ్‌స్టేషన్ దగ్గర ఉండే మెస్సు చెల్లెలు మాత్రం "బిల్లెవరు కడతారో" అంది.

రూముల సంగతి చెప్పాలి. కాగితంలో "ప్యాలెస్ దగ్గర" అని ఉంది. రింగ్ రోడ్డు అవతల, ప్యాలెస్‌కు ఆటోలో అరగంట. ఏడుగురికి మూడు రూములు, ఏడో మనిషికి నేల మీద పరుపు. అడిగితే కౌంటర్ అబ్బాయి "స్వల్ప అడ్జస్ట్ మాడి" అన్నాడు, కొంచెం సర్దుకోండి అని. టీచరమ్మది మడకశిర, కన్నడం బాగా వచ్చు. ఆమె ఏమన్నదో మాకు పూర్తిగా అర్థం కాలేదు గానీ పది నిమిషాల్లో మంచం వచ్చింది. దుప్పట్లు ఉతికినవే. వేడినీళ్ళు ఆరు నుంచి ఏడు దాకా మాత్రమే, ఏడుగురు ఆడవాళ్ళకు ఒక గంట!

చాముండి కొండ తెల్లవారుజామునే ఎక్కినాం, బండిలోనే. పొద్దున్నే దర్శనం అయిపోయింది, ఎండా లేదు, జనం లేరు. ఈ టైమింగ్ మాత్రం ట్రావెల్స్ వాళ్ళు బాగా పెట్టినారు, మెచ్చుకోవాలి. దిగువన మెట్ల దారిలో నంది ఉంది, 16 అడుగుల ఎత్తు, నల్లగా నూనె పెట్టిన జుట్టులా మెరుస్తుంది. ఎత్తులో లేపాక్షి నందికి కొంచెం మించే ఉంటుందేమో. కానీ దీనికి రోజూ పూజ, పూలు. మనది ఎండలో ఒంటరిగా కూచుని గుడి వైపు చూస్తుంటుంది. పోల్చకూడదు గానీ, నా ఓటు మనదానికే.

బేలూరుకు మధ్యాహ్నం మూడుకు చేరినాం, చీకటి పడేదాకా అక్కడే. టూరు మొత్తంలో తొందర పెట్టకుండా వదిలిన చోటు ఇదొక్కటే, ఎందుకంటే రాత్రి మకాం అక్కడే. చెన్నకేశవుడి గుడి 1117లో హొయసళ విష్ణువర్ధనుడు కట్టించింది. నక్షత్రం ఆకారంలో అరుగు, అరుగు మీద గుడి. బలపం లాంటి రాయి, గనిలోంచి తీసినప్పుడు మెత్తగా ఉండి గాలి తగిలే కొద్దీ గట్టిపడుతుందట, అందుకే అంత సన్నపని. గైడును మాట్లాడుకోండి, తప్పనిసరి. మాకు దొరికిన పెద్దాయనకు తెలుగు కొంచెం వచ్చు, బొమ్మ బొమ్మకూ ఆగినాడు.

చూరు కింద మదనికలు, అంటే అందగత్తెల బొమ్మలు. వాటిలో ఒకామె అద్దం పట్టుకుని బొట్టు దిద్దుకుంటుంది. నేను నా అద్దం తీసి ఆమెను అద్దంలో చూస్తుంటే, గైడు పెద్దాయన "అమ్మా, తొమ్మిది వందల ఏళ్ళలో ఆమెకు అద్దం పట్టి చూపించింది నువ్వే" అన్నాడు. రోజూ ఎవరో ఒకరికి చెప్పే మాటే అయ్యుంటుంది. అయినా సంతోషమైంది. ఇంకో మదనిక చీర కోతి లాగుతుంటే కొమ్మతో అదిలిస్తుంటుంది. స్తంభాలు గుండ్రంగా నున్నగా, చపాతి కర్ర చేసినట్టు తిప్పి చెక్కినవి. లోపల చీకటి, లైటు వెయ్యమంటే కొంచెం డబ్బులు ఇచ్చి వేయించుకోవాలి. ఇవ్వండి, లోపలి కప్పు చూడకుండా వస్తే పోయిన పని సగమే.

హళేబీడుకు అన్యాయం జరిగింది. మంగళవారం పొద్దున యాభై నిమిషాలు. గోడ చుట్టూ అడుగు వరసలో ఏనుగులు, దానిపైన సింహాలు, తీగలు, గుర్రాలు, చీరకు ఒక అంచు మీద ఇంకో అంచు వేసినట్టు. ఏనుగుల్లో ఒకటి ఇంకోదానిలా లేదు, ఒకటి తొండం పక్కదాని కాలికి చుట్టింది. నేను ముప్ఫై లెక్కబెట్టేసరికి హారన్. 2023లో యునెస్కోవాళ్ళు బేలూరు, హళేబీడు, సోమనాథపురాలకు కలిపి గుర్తింపు ఇచ్చినారు. మా ప్యాకేజీ తయారుచేసినాయన వినలేదేమో.

అక్కడి నుంచి హొసపేటకు రోజంతా రోడ్డే. చిత్రదుర్గం దాటినాక ఏసీ పోయింది. కిటికీలు తెరిస్తే దుమ్ము, మూస్తే ఉడుకు. డ్రైవర్ ఒక మెకానిక్ దగ్గర ఆపి, బెల్టు మార్పించి, నలభై నిమిషాల్లో బయల్దేరదీసినాడు. బెల్టు డబ్బు తన జేబులోంచే ఇచ్చినాడు, ఓనర్ ఫోన్ ఎత్తలేదు. ఆ చెట్టు కింద బొరుగులు కలుపుకుని తిన్నాం, టీటీ మైకులో టీచరమ్మ కన్నడంలో దాసర పదాలు పాడింది. టూరులో నీలం లైట్లు పనికొచ్చింది ఆ ఒక్క సాయంత్రమే.

హంపికి ఒక్కరోజు. చాలదు, రెండు రాత్రులు ఉండాలి. ప్యాకేజీ మార్చుకునే వీలుంటే హళేబీడు నుంచి హంపి దాకా పరుగు పెట్టేదాన్ని ఇంకో టూరుకు వదిలి, హంపిని అనంతపురం నుంచి విడిగా చేసుకోండి, బళ్ళారి మీదుగా మూడున్నర, నాలుగు గంటల దారే కదా.

విరూపాక్ష గుడి రంగమంటపం కప్పు మీద కూడా బొమ్మలున్నాయి. విద్యారణ్యులవారిని పల్లకిలో మోసుకుపోయే ఊరేగింపు ఒక పొడుగు పట్టీలో ఉంది. మళ్ళీ చతికిలబడినా, మళ్ళీ అద్దం. ఈసారి నా పక్కన ఎవరో ఊరుకాని ఊరు పిల్లలు క్యూ కట్టినారు, అందరికీ తలా కాసేపు ఇచ్చినా. గర్భగుడి వెనకాల చీకటి గదిలో, గోడకున్న చిన్న సందులోంచి వెలుతురు వచ్చి ఎదురు గోడ మీద రాజగోపురం నీడ తలకిందులుగా పడుతుంది. గోడ మసిబారి ఉంది, నీడ పలచగా కనిపిస్తోంది. నాకెందుకో తట్టి, అద్దం చుట్టిన తెల్ల లైనింగ్ గుడ్డ తీసి, ఒక చివర నేను, ఒక చివర ఆపా పట్టుకుని గోడకు ముందు సాగదీసినాం. గోపురం గుడ్డ మీద దిగింది. అంతస్తులు లెక్కపెట్టుకునేంత బాగా, కలశాలు కిందికి వేలాడుతూ. గుడ్డ సందు వైపు జరిపితే చిన్నదై ఇంకా స్పష్టంగా వస్తుంది. రూపాయి ఖర్చు లేని ఆ పది నిమిషాలు నాకు ఈ టూరుకే మిన్న.

విఠల గుడికి బండ్లు పోనివ్వరు, బ్యాటరీ బండి ఎక్కాలి, దాని క్యూ గంట. నర్సమ్మకు ఎండదెబ్బ తగిలేటట్టు ఉంటే నీడ చూసి కూచోబెట్టినాం. అక్కడికి పొద్దున్నే పోవాల్సింది, మాకు మధ్యాహ్నం పన్నెండుకు పెట్టినారు. రాతిరథం దగ్గర 50 రూపాయల నోటు పట్టుకుని ఫోటో దిగని మనిషి లేడు, మేమూ దిగినాం. సంగీత స్తంభాలను తట్టనివ్వరు, మంచిదే.

సాయంత్రం లోటస్ మహల్, ఏనుగుల సాల. సాలలో పదకొండు గదులు, ఏనుగుకు ఒక గుమ్మటం. రాజు మేడ ఎక్కడ అంటే మాత్రం ఉత్త అరుగు చూపించినారు. పైన అంతా కర్ర కట్టడం, కాలి పోయింది. దేవుడికి రాయి, రాజుకు కర్ర. మైసూరులోనూ కర్ర మేడే కాలింది, కాకపోతే వాళ్ళకు మళ్ళీ కట్టుకునే రోజులు మిగిలినాయి. హజారరామ గుడి గోడ మీద రామాయణం చదువుకుంటూ తిరుగుతుంటే చీకటి పడింది.

బళ్ళారిలో ఉగ్గాని, మిరపకాయ బజ్జీ. పదకొండున్నరకు అనంతపురం.

మరుసటిరోజు ఓనరు ఫోను: టోలు, పార్కింగు, కర్ణాటక పర్మిట్ కలిపి ఇంకో 4,200 ఇవ్వాలట. మాట్లాడుకున్నప్పుడు "అన్నీ కలిపే అమ్మా" అన్న మనిషే. పోస్టాఫీసు అక్క ఫైలు తీసుకుని పోయింది. మూడు సీట్లు వెనక్కి పోవు, ఏసీ ఇన్ని గంటలు లేదు, రూము ఇన్ని కిలోమీటర్ల దూరం, పట్టు కాని పట్టు దుకాణంలో ఇంతసేపు, బెల్టు డబ్బు డ్రైవర్ జేబులోంచి. తారీఖులతో సహా చదివింది. ఆయన 4,200 మాట మళ్ళీ ఎత్తలేదు. అక్క అంతటితో లేవలేదు, పిల్లోడి బెల్టు డబ్బు తన ముందే అతనికి ఇప్పించి వచ్చింది. చీటీలో మిగిలిన 3,500లోంచి మేము కూడా పిల్లోడికి 1,400 ఇచ్చినాం, తలా రెండు వందలు.

స్టార్లు అడుగుతారు కాబట్టి చెప్తున్నా. బండికి మూడు, రూములకు రెండు, ప్రోగ్రాం కాగితానికి ఒకటి, అదీ చాముండి కొండ టైమింగుకు. డ్రైవర్‌కు అయిదుకు అయిదు. పోవాలనుకునేవాళ్ళు ఏ ట్రావెల్స్ అని కాకుండా ఏ డ్రైవర్ అని అడగండి. గుడికి ఎంతసేపు, షాపుకు ఎంతసేపు అన్నది అడ్వాన్సు ఇవ్వకముందే కాగితం మీద చూడండి.

చీటీ మళ్ళీ మొదలుపెట్టినాం. ఈసారి అహోబిలం, యాగంటి, గండికోట. నిన్న ఓనరు ఇంటావిడ జాకెట్టుకు వచ్చినప్పుడు అడిగినా, ఆ గుత్తి పిల్లోడినే పంపిస్తారా అని.

"అతను శబరిమల బండికి పోయినాడక్కా, వచ్చే నెల దాకా దొరకడు."

"సరే, వచ్చే నెలే పోతాం" అని మెడ కొలత రాసుకున్నా.